ఆటకూ ప్రసారానికీ ఒకే కంప్యూటర్: మధ్యస్థాయి ఖర్చులో భాగాల ఎంపిక

ఆటలు ఆడటానికీ, ఆడుతున్నప్పుడే వాటిని ప్రత్యక్ష ప్రసారం చేయడానికీ కలిపి ఒకే కంప్యూటర్‌ను మధ్యస్థాయి ఖర్చులో కూర్చుకోవాలనుకునేవారికి తరచుగా వినిపించే సలహా ఒకటుంది. ముందు కనీసం ఎనిమిది కోర్ల (విడివిడిగా పనిచేసే లెక్కింపు భాగాల) ప్రాసెసర్ తీసుకోండి, మిగిలిన సొమ్ముతో గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడండి అన్నదే ఆ సలహా. ఇది ఒకప్పుడు నిజమే. ప్రసారానికి పంపే వీడియోను కుదించే పనిని అప్పట్లో ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ ప్రాసెసర్ చేతనే చేయించేది. ఆట కూడా అదే ప్రాసెసర్ మీద నడుస్తుండటంతో కోర్లు ఎంత ఎక్కువగా ఉంటే అంత మేలుగా ఉండేది. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. అయినా సలహా మాత్రం మారకుండా ఒకరి నుంచి ఒకరికి అందుతూనే ఉంది, దాన్ని నమ్మినవారి సొమ్ము అవసరం లేని చోటికి పోతూనే ఉంది. పరిమితమైన సొమ్ముతో కొనేవారికి ఇలా జరగడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మారినదేమిటంటే, వీడియోను కుదించే పని గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉండే ఒక ప్రత్యేకమైన సర్క్యూట్‌కు వెళ్లిపోయింది. ఎన్విడియా ఈ ఎన్‌కోడర్‌ను 2012లోనే ప్రవేశపెట్టినా, తొలి తరాల్లో బొమ్మ నాణ్యత అంతంతమాత్రంగానే ఉండేది. 2018లో ఆర్‌టీఎక్స్ 20 శ్రేణితో వచ్చిన కొత్త ఎన్‌కోడర్, ప్రసారానికి వాడే బిట్‌రేట్ల (సెకనుకు పంపే డేటా పరిమాణాల) దగ్గర, ఎక్స్264లోని ‘ఫాస్ట్’ ప్రీసెట్‌కు (వేగానికీ నాణ్యతకూ ముందే కుదిర్చిన అమరికకు) దీటుగా నిలబడింది. ఇది ఆటను గీసే కోర్ల పనిలో జోక్యం చేసుకోని విడి సర్క్యూట్ కాబట్టి, దాన్ని వాడినందుకు ఆటలో తగ్గే ఫ్రేములు (తెర మీద వరుసగా మారే బొమ్మలు) చాలా స్వల్పం. ప్రసారాల్లో ఎక్కువగా వాడే కుదింపు పద్ధతి అయిన హెచ్.264లో ఏఎండీ కార్డుల ఎన్‌కోడింగ్ చాలాకాలం వెనకబడే ఉంది. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9000 శ్రేణిలో ఆ సంస్థ దాన్ని మెరుగుపరిచింది. ఏవీ1 అనే కొత్త పద్ధతిలో ఎన్‌కోడ్ చేసే సామర్థ్యం ఇంటెల్ ఆర్క్, ఆర్‌టీఎక్స్ 40, ఆర్‌ఎక్స్ 7000 శ్రేణులతో 2022లో మూడు సంస్థల కార్డుల్లోకీ వచ్చింది.

కాబట్టి కార్డు కొనేటప్పుడు ఆటల్లో అది ఇచ్చే ఫ్రేముల సంఖ్యతో పాటు దానిలోని ఎన్‌కోడర్ ఏ తరానిదో కూడా తెలుసుకోవాలి. పేరు కొత్తగా ఉన్నంత మాత్రాన ఎన్‌కోడర్ కొత్తది కానక్కర లేదు. తొలి జీటీఎక్స్ 1650 కార్డు కొత్త తరం చిప్‌తోనే వచ్చినా దానిలో పెట్టింది పాత ఎన్‌కోడర్. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో అయితే వీడియో ఎన్‌కోడర్ అసలే లేదు. వాడిన కార్డు కొనేవారు ఈ ఒక్క విషయాన్ని రెండుసార్లు చూసుకోవాలి. ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార వేదికలో సాధారణంగా 6000 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) బిట్‌రేటుతో హెచ్.264లో ప్రసారం చేస్తారు. ఆ ఇరుకులో, పచ్చగడ్డి, వాన, పొగ వంటి చిన్న చిన్న కదలికలు నిండిన దృశ్యాల్లో, ఎన్‌కోడర్ల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. యూట్యూబ్ అంతకన్నా ఎక్కువ బిట్‌రేటునూ, ఏవీ1నూ అంగీకరిస్తుంది కాబట్టి అక్కడ ప్రసారం చేసేవారికి ఈ తేడా అంతగా తెలియదు.

ఇక ఏ భాగం మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది తేల్చుకోవడానికి ఓబీఎస్ స్టూడియో అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌లోని గణాంకాల ప్యానెల్‌ను మించిన ఆధారం నాకు కనిపించలేదు. అందులో తప్పిపోయిన ఫ్రేములు మూడు వేర్వేరు లెక్కలుగా కనిపిస్తాయి: రెండరింగ్ జాప్యం వల్ల తప్పినవి, ఎన్‌కోడింగ్ జాప్యం వల్ల వదిలేసినవి, నెట్‌వర్క్ వల్ల జారిపోయినవి. చూసేవారికి మూడూ ఒకేలా, తెర ఆగి ఆగి కదిలినట్టు ఉంటాయి. కానీ మూడింటికీ కారణాలు వేరు, వాటిని సరిచేసే భాగాలూ వేరు. ప్రసారం తడబడుతోందని ప్రాసెసర్ మార్చినా ఫలితం కనిపించనివారి విషయంలో చాలాసార్లు తప్పు మొదటి లెక్కలోనో మూడో లెక్కలోనో ఉంటుంది.

మొదటి లెక్క గురించి కొంత ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆధునిక కార్డుతో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దీనిదే. ఆట దృశ్యం, కెమెరా బొమ్మ, చాట్ పెట్టె, అలర్టులు అన్నింటినీ కలిపి ఒకే చిత్రంగా పేర్చే పనిని ఓబీఎస్ గ్రాఫిక్స్ కార్డు చేతనే చేయిస్తుంది. ఎన్‌కోడర్ విడిగా ఉన్నా ఈ పేర్చే పని మాత్రం ఆటతో పాటు అవే కోర్ల మీద జరగాలి. ఆట కార్డును 99 శాతం వాడేస్తుంటే ఓబీఎస్‌కు తన వంతు సమయానికి దొరకదు. ఆడేవారి తెర మీద ఆట హాయిగా నడుస్తూనే ఉంటుంది, చూసేవారికి మాత్రం ఫ్రేములు తప్పిపోతుంటాయి. విండోస్‌లో ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిస్తే దానికి కొంత ప్రాధాన్యం దక్కుతుంది. అంతకన్నా నమ్మదగిన మార్గం ఆటలో ఫ్రేములకు పరిమితి పెట్టి కార్డుకు కొంత ఊపిరి మిగల్చడం. ప్రసారం సెకనుకు 60 ఫ్రేములైతే ఆటను 144 దగ్గర కాక 120 దగ్గర ఆపడం మంచిది, ఎందుకంటే 120 నుంచి ప్రతి రెండో ఫ్రేమునూ తీసుకుంటే కదలిక సమంగా వస్తుంది, 144 నుంచి తీసుకుంటే ఆ సమానత కుదరదు.

దీన్నిబట్టి చూస్తే, మీ ఆటకు సరిగ్గా సరిపోయే కార్డు మీ ప్రసారానికి చాలదు. ఆటకు కావలసినదానికన్నా ఒక మెట్టు పైన ఉన్న కార్డు తీసుకోవాలి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ నుంచి ఆరు కోర్లకు దిగితే మిగిలే సొమ్ము వెళ్లవలసిన చోటు ఇదే. కార్డులోని మెమరీ విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. కొత్త ఆటలు ఎక్కువ నాణ్యత గల టెక్స్చర్లతో 8 జీబీని దాదాపు నింపేస్తున్నాయి. ఓబీఎస్ దృశ్యాలూ, వాటిలో తెరిచి ఉంచిన బ్రౌజర్ సోర్సులూ (చాట్, అలర్టుల వంటి వెబ్ పేజీలు) అదే మెమరీలో చోటు అడుగుతాయి. అందువల్ల ప్రసారానికి 12 జీబీని కనీసంగానూ, 16 జీబీని సుఖంగానూ నేను భావిస్తాను. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ ఈ స్థాయికి తగినవే. అయితే రెండూ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రూపాల్లో దొరుకుతాయి. పెట్టె మీది పేరు చూసి తృప్తి పడకుండా మెమరీ అంకెను చదవాలి. పాత మదర్‌బోర్డులో పెట్టుకునేవారు మరో సంగతి గమనించాలి: 5060 టీఐ ఎనిమిది పీసీఐఈ లేన్లనే (బోర్డుతో డేటా మార్చుకునే దారులనే) వాడుతుంది, 9060 ఎక్స్‌టీ పదహారు వాడుతుంది. పీసీఐఈ 3.0 బోర్డు మీద, ముఖ్యంగా మెమరీ నిండిపోయిన వేళల్లో, ఈ తేడా బయటపడుతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ, మంచి ఎన్‌కోడర్ ఉన్నాయి కానీ, దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి చేరుకోనిచ్చే సదుపాయం) తప్పనిసరి. పాత ప్రాసెసర్ పక్కన అది తన సత్తా పూర్తిగా చూపించలేదు. కొత్త ప్రాసెసర్‌తో అయితే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

ప్రాసెసర్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్న రైజెన్ 5 7600 వంటిది ఎన్‌కోడింగ్ భారం లేనప్పుడు ఆటకూ, ఓబీఎస్‌కూ, బ్రౌజర్‌కూ, వాయిస్ చాట్‌కూ కలిపి సరిపోతుంది. అది కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027 వరకూ, ఆ తరువాత కూడా దాన్ని కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కాబట్టి కొన్నేళ్ల తరువాత బోర్డు మార్చకుండానే ప్రాసెసర్ ఒక్కదాన్ని మార్చుకునే వీలుంటుంది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలను సెకనుకు 200కు పైగా ఫ్రేములతో ఆడేవారి సంగతి వేరు. అక్కడ భారం ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి, వారు కోర్ల సంఖ్యను కాక ఒక్కో కోరు వేగాన్నీ, క్యాష్ అనే ప్రాసెసర్ లోపలి చిన్న వేగవంతమైన మెమరీనీ చూసి కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడం న్యాయమే. ఇంటెల్ వైపు వెళ్లేవారు పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదని, దానితో పాటు క్విక్ సింక్ ఎన్‌కోడర్ కూడా పోతుందని గుర్తుంచుకోవాలి. 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లను తీసుకుంటే, అస్థిరత్వ సమస్యకు పరిష్కారంగా 2024లో ఇచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల సవరణ) ఉన్న బయోస్‌ను (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్‌ను) మొదటి రోజే ఎక్కించాలి.

ర్యామ్ 32 జీబీ ఉండాలి, అదీ రెండు 16 జీబీ స్టిక్కులుగా ఉండాలి. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే మెమరీ వేగం తగ్గించవలసి రావచ్చు. ఒకటే పెడితే సగం బ్యాండ్‌విడ్త్ పోతుంది. రైజెన్ 7000కు 6000 వేగం గల జత చక్కగా కుదురుతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఆ రెండు స్టిక్కులను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీని (ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపించే అమరికను) ఆన్ చేయాలి. ఈ చివరి పని మరచిపోతే డబ్బు పెట్టి కొన్న వేగం నిద్రపోతూనే ఉంటుంది.

మదర్‌బోర్డుకు బీ650 చిప్‌సెట్ స్థాయి చాలు. ప్రసారం చేసేవారికి చిప్‌సెట్ పేరుకన్నా వెనక వైపున్న యూఎస్‌బీ పోర్టుల సంఖ్య ముఖ్యం, ఎందుకంటే కీబోర్డు, మౌస్, కెమెరా, మైకు, హెడ్‌సెట్ పెట్టేసరికే ఐదు నిండుతాయి.

ఎస్‌ఎస్‌డీ వేగం మీద పెట్టే అదనపు ఖర్చులో నాకు అర్థం కనిపించదు. లెక్క వేసి చూడండి: 6000 కేబీపీఎస్ ప్రసారం గంటకు 2.7 జీబీ. దాని పక్కనే ఎడిటింగ్ కోసం 40 ఎంబీపీఎస్‌తో రికార్డు చేసుకున్నా గంటకు 18 జీబీ, అంటే సెకనుకు 5 మెగాబైట్లు. పాత హార్డ్‌డిస్కు కూడా ఈ వేగాన్ని శ్రమ లేకుండా మోస్తుంది. ఆటలకు ఒక 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, రికార్డింగులకు పెద్ద హార్డ్‌డిస్కు అన్న ఏర్పాటు ఈ బడ్జెట్‌కు ఎంతో అనుకూలం. రికార్డింగును ఎంకేవీ ఫైలు రూపంలో ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటివరకూ రాసిన భాగం చదవగలిగేలా మిగులుతుంది, సాధారణ ఎంపీ4 అయితే మొత్తం ఫైలే పనికిరాకుండా పోవచ్చు.

పవర్ సప్లై మీద కనిపించే 80 ప్లస్ ముద్ర, అది లాగే విద్యుత్తులో ఎంత శాతం వృథా కాకుండా భాగాలకు చేరుతుందో మాత్రమే చెబుతుంది. వోల్టేజీ స్థిరత్వం గురించీ, రక్షణ సర్క్యూట్ల గురించీ అది ఏమీ చెప్పదు. పైన చెప్పిన కార్డులకు నాణ్యమైన 650 వాట్లది సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డులు క్షణకాలం పాటు తమ పరిమితికి మించి విద్యుత్తును లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఆ కుదుపులను దృష్టిలో పెట్టుకుని రూపొందింది కాబట్టి దాన్ని పాటించే యూనిట్‌ను, పొడవైన వారంటీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఈ భాగంలో పొదుపు చేయడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

ఆటల కంప్యూటర్‌లో ఫ్యాన్ల చప్పుడు ఇష్టాయిష్టాల విషయం. ప్రసారాల కంప్యూటర్‌లో అది నేరుగా మైకులోకి వెళుతుంది. ముందు భాగం జల్లెడలా రంధ్రాలతో ఉండి గాలి ధారాళంగా ఆడే క్యాబినెట్, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు, ప్రాసెసర్ మీద ఒక మోస్తరు టవర్ కూలర్ ఉంటే చాలు, నీటి కూలింగ్ అవసరం లేదు. మైకు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూసేవారు ఓర్చుకుంటారు, మాట సరిగా వినిపించకపోతే వెళ్లిపోతారు. అందుకే భాగాల బడ్జెట్ నుంచే మైకుకు కొంత తీసి పక్కన పెట్టమంటాను. చప్పుడు ఉండే గదిలో నోటికి దగ్గరగా పెట్టుకునే డైనమిక్ మైకు, ఓబీఎస్‌లోని నాయిస్ సప్రెషన్ ఫిల్టరు కలిస్తే ఫలితం బాగుంటుంది. కెమెరా విషయంలో ఖరీదైన కెమెరాకన్నా ముఖం మీద పడే మంచి వెలుతురు ఎక్కువ పని చేస్తుంది.

ప్రసారానికి విడిగా రెండో కంప్యూటర్, దానికి క్యాప్చర్ కార్డు (ఆట దృశ్యాన్ని ఆ కంప్యూటర్‌కు అందించే పరికరం) అన్న ఆలోచన ఈ బడ్జెట్‌లో వద్దు. ఆ సొమ్మును చీల్చి రెండు సాధారణ యంత్రాలు కొనేకన్నా ఒక్క మంచి గ్రాఫిక్స్ కార్డు కొనడం మేలు. రెండో మానిటర్ మాత్రం దాదాపు తప్పనిసరి. చాట్ చదవడానికీ గణాంకాలు చూడటానికీ ఎంత పాతదైనా సరిపోతుంది.

భాగాలన్నీ కూర్చాక, వాపసు గడువు ముగియకముందే, మీరు ఎక్కువగా ఆడే ఆటను పెట్టి కనీసం గంటసేపు పరీక్షా ప్రసారం చేయండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవారికే కనిపించే) ప్రసారం పెట్టవచ్చు. ట్విచ్‌కు ఓబీఎస్‌లోనే బ్యాండ్‌విడ్త్ పరీక్షా విధానం ఉంది, దానిలో ప్రసారం బయటికి కనిపించదు. రెండరింగ్ లెక్క పెరుగుతుంటే ఫ్రేముల పరిమితి తగ్గించి మళ్లీ చూడండి. అప్పటికీ పెరుగుతుంటే కార్డు మార్చుకోవలసిందే. ఎన్‌కోడింగ్ లెక్క పెరిగితే ప్రీసెట్‌ను ఒక మెట్టు దించండి, ఏ భాగమూ మార్చనక్కర లేదు. నెట్‌వర్క్ లెక్క పెరిగితే వైఫై వదిలి కేబుల్ కలిపి చూడండి. 6 ఎంబీపీఎస్ ప్రసారానికి నిలకడగా 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అయినా ఉండాలి. అంత దొరకని చోట 720పీ, 60 ఫ్రేములకు దిగి బిట్‌రేటు తగ్గించుకోవడమే మార్గం, ఎందుకంటే ఆ లోటును పెట్టె లోపలి ఏ భాగమూ పూరించలేదు.