ఊరు దూరం పెట్టిన కాళ్లకు విలువ కట్టినవాడు

గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో దీని పేరు గట్టిగా పలకరు, పెద్దరోగం అంటారు. నాకొచ్చింది అదే, కుష్ఠు. మచ్చలకు దురదా నొప్పీ లేవు కాబట్టే జనం డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్తారు. పాలిపోయిన మచ్చ, లేదా రాగిరంగు మచ్చ, తాకితే తెలియకపోతే వెంటనే చూపించుకోవాలి. మచ్చలు ఐదు దాటితే మందు 12 నెలలు. నాకు అదే రాశారు.

నెలకోసారి ఆరోగ్య కార్యకర్త ఎదుట రిఫాంపిసిన్ 600, క్లోఫాజిమిన్ 300 మిల్లీగ్రాములు మింగాలి. ఇంటి దగ్గర రోజూ డాప్సోన్ 100, క్లోఫాజిమిన్ 50. ప్రభుత్వ ఆసుపత్రిలో అంతా ఉచితం. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుంది, భయం లేదు. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది. అది చూసి ఊళ్లోవాళ్లు రోగం ముదిరిందంటారు. మందు ఆగాక కొన్ని నెలలకు రంగు తిరిగొస్తుంది.

కొందరికి మధ్యలో మచ్చలు ఎర్రగా ఉబ్బి, మోచేతి దగ్గర నరం సలుపుతుంది. మందు పడలేదని మాత్రలు ఆపేస్తారు. ఆపకూడదు. అది క్రిముల మీద ఒళ్లు తిరగబడడం. దానికి ప్రెడ్నిసొలోన్ వేరే ఇచ్చి, నెలల మీద మోతాదు తగ్గిస్తారు. నరం అప్పటికే బాగా దెబ్బతింటే చిటికెన, ఉంగరపు వేళ్లు వంగిపోతాయి. నావి వంగాయి.

క్రిములు చచ్చినా, పనికిరానిదాన్నన్న మాట మనసులోంచి పోలేదు. ఎలా పోతుంది? మన క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా కుష్ఠు ఒక కారణంగా ఉండేది, 2019 సవరణతో గాని పోలేదు. నన్ను నిలబెట్టింది మార్కు సువార్త మొదటి అధ్యాయం. కుష్ఠరోగి మోకాళ్లూనితే యేసు ముందు చెయ్యి చాపి ముట్టాడు, ఆ తర్వాతే శుద్ధుడవు కమ్మన్నాడు. లేవీయకాండం 13 ప్రకారం పాళెం బయట ఒంటరిగా ఉండాల్సిన మనిషిని, నయం కాకముందే ముట్టాడు. ఈ వరసే నాకు ప్రాణం. నా వేళ్లు తిన్నబడేదాకా ఆయన ఆగలేదు. నేను ఆయన బిడ్డను, వంగిన వేళ్లతోనే.

తనకు విలువ లేదనుకునే మనిషి కాళ్లు చూసుకోదు, పుండ్లు అక్కడే మొదలవుతాయి. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అందుకే నేను రోజూ సాయంత్రం అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకుంటాను. మామూలు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాలి. వేడినీళ్లు వద్దు, కాలినా తెలియదు. ఆనెకాయల్ని రాయితో మెల్లగా రుద్దాలి, బ్లేడు ముట్టకూడదు. తడి ఆరకముందే కొబ్బరినూనె రాస్తే తేమ నిలిచి పగుళ్లు రావు. చెప్పులు లోపల మెత్తగా, అడుగు గట్టిగా ఉండాలి, మేకులు ఉండకూడదు. వేసుకునే ముందు దులపాలి. ఎర్రగా కందినా, వెచ్చగా తగిలినా ఆ కాలికి విశ్రాంతి. ఇదంతా నాకు ప్రార్థనలో భాగమే.

ప్రార్థన చేయించుకున్నాం కదా అని మాత్రలు మానేసే విశ్వాసులు మా సంఘాల్లో ఉన్నారు. వాళ్లకు అదే అధ్యాయం 44వ వచనం చూపిస్తాను. బాగుపడిన మనిషిని కూడా యేసు యాజకుడికి చూపించుకొమ్మని పంపాడు. ఆ రోజుల్లో రోగం ఉందో పోయిందో పరీక్షించి తేల్చేది యాజకుడే. మన దగ్గర ఆ పని డాక్టరుది. కోర్సు మధ్యలో ఉన్నవాళ్లను పాస్టరుగార్లు ప్రభువు బల్లకు రానివ్వాలి, పక్కన కూర్చోబెట్టుకోవాలి. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే వాళ్ల నుంచి ఇంకొకరికి అంటుకోదు.