తెల్లబడిందంటే చచ్చిపోయిందని కాదు

మండపం (తమిళనాడు), మే మూడో వారం

ఈరోజు పాంబన్ పక్కనున్న క్రుసడై దీవి దగ్గర దిగాం. అడుగున కట్టి ఉంచిన ఉష్ణోగ్రత మీటరు తీసి చూస్తే పొద్దున ఏడున్నరకే 31 డిగ్రీలు దాటి ఉంది. అమ్మ నిన్న ఫోన్లో "నీకేమే, రోజూ నీళ్ళలోనే ఉంటావు, ఎండలు తెలియవు" అంది. మే నెలలో మన్నార్ సింధుశాఖలో దిగి చూస్తే తెలుస్తుంది, ఒంటికి చల్లదనమన్నదే తగలదు. ఇక్కడ పగడాల దిబ్బలు పెద్ద లోతులో ఉండవు. చాలాచోట్ల నిలువెత్తు నీళ్ళే, కొన్నిచోట్ల నడుము లోతు. ఎండ నేరుగా వాటి నెత్తినే పడుతుంది.

టేపు పరిచి దాని కిందకి వచ్చిన ప్రతిదాన్నీ పలక మీద పెన్సిల్‌తో రాసుకుంటూ పోవడం ఈ నెలంతా నా పని. పగడం ఏ రకం, ఎన్ని సెంటీమీటర్లు, రంగు ఎలా ఉంది. చెప్పుకుంటే ఇంతే, చేస్తుంటే మెడ పడిపోతుంది. అయినా ఈ రాతలో పొరపాటు జరక్కూడదు. ఎందుకంటే తెల్లగా కనబడినదల్లా చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు.

కొమ్మల పగడం ఒకటి ఇవాళ పూర్తిగా తెల్లబడి కనిపించింది. ముఖం దగ్గరగా పెట్టి చూశాను. ప్రతి చిన్న గుంతలోంచీ గాజుపోగుల్లాంటి మీసాలు బయటికి వచ్చి నీటి ఊపుకి కదులుతున్నాయి. ప్రాణం ఉంది, ఆకలితో ఉంది. దాని ఒంట్లో కాపురముండే కంటికి కనిపించని శైవలాలే (నాచు జాతి సూక్ష్మజీవులు) ఎండను వాడుకుని తిండి తయారుచేసి పెడతాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా వాటి నుంచే రావచ్చు. దాని రంగు కూడా చాలావరకు వాటిదే. నీళ్ళు మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, వారాల తరబడి అలాగే ఉంటే చాలు, ఈ కాపురం చెడుతుంది. శైవలాల నుంచి హాని చేసే పదార్థాలు పుడతాయి, పగడం వాటిని బయటికి గెంటేస్తుంది. అప్పుడు ఒళ్ళు గాజులా మారి, లోపలున్న సున్నపు గూడు తెల్లగా బయటపడుతుంది. కొన్ని వారాల్లో నీళ్ళు చల్లబడితే శైవలాలు మళ్ళీ చేరతాయి, రంగు తిరిగొస్తుంది. చల్లబడకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

దానికి మూరెడు దూరంలో ఇంకొకటి. దాని మీద పల్చగా గోధుమరంగు నాచు పట్టేసింది. వేలితో రాస్తే జారింది, కింద మీసాల్లేవు, ఏమీ లేదు. అది పోయినట్టే. మొదటిదానికి, దీనికి పలక మీద వేరే వేరే అక్షరాలు వేస్తాను. ఎన్ని వేసవులు గడిచినా ఆ రెండో అక్షరం వేసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

పక్కనే బండ పగడం మాత్రం కొంచెం పాలిపోయి నిలబడే ఉంది. అవి ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. మీటరు ఎత్తుందంటే దాదాపు వందేళ్ళ వయసన్నమాట. కొమ్మల పగడాలు త్వరగా పెరుగుతాయి, వేడికి ముందు పోయేవీ అవే. 2010లో, 2016లో ఈ సింధుశాఖలో అదే జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు నాలుగోసారి మూకుమ్మడిగా తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా లెక్కేస్తే ప్రపంచంలోని దిబ్బల్లో 84 శాతానికి తెల్లబడేంత వేడి తగిలింది. ఈ సంఖ్య చదివాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

మధ్యాహ్నం దాకా నాచు తీశాం. కప్పాఫైకస్ అని, ఈ తీరానికి సాగు కోసం తెచ్చిన బయటి రకం. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనం కోసం వాడే కారాజీనన్ దీన్నుంచే తీస్తారు. తెప్పలకు కట్టి పెంచుకునే ఆడవాళ్ళకు అదొక ఆదాయం, వాళ్ళను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ అది తెప్పలకే పరిమితం కాలేదు. క్రుసడై పగడాల మీదకి పాకిందని 2008లోనే నమోదైంది. తాకితే రబ్బరులా ఉంటుంది, పచ్చగా మందంగా కొమ్మల సందుల్లో అల్లుకుపోయి వెలుతురు రాకుండా కప్పేస్తుంది. బలంగా లాగితే పగడం విరుగుతుంది. నెమ్మదిగా లాగితే నాచు తునకలవుతుంది, ఒక్కో తునకా మళ్ళీ మొక్కవుతుంది. అందుకని ఒకరు వేళ్ళతో మొదలు విడదీస్తుంటే ఇంకొకరు సన్నకన్ను సంచి కింద పట్టుకోవాలి. కొట్టుకుపోయే తునకల కోసం మూడో మనిషి వెనకాల. తీసినచోట కింద పగడం తెల్లగా ఉంది, కానీ బతికే ఉంది. ఈ రోజుకి నాకు అదే చాలు.

పగడపు ముక్కల్ని సిమెంటు పలకలకి కట్టి నాటుతుంటే అందరూ వచ్చి ఫోటోలు తీస్తారు. నాటడం మంచిదే, నేనూ నాటుతాను. అయితే నాటిన ముక్క కూడా ఇవే వేడి నీళ్ళలో ఉండాలి కదా! నాకు రానురాను బలంగా అనిపిస్తున్నది ఒకటే. ఈ వేడి ఎక్కడెక్కడో కాల్చిన బొగ్గు, చమురు వల్ల వస్తున్నది. దాన్ని నేనిక్కడ మండపంలో కూర్చుని ఆపలేను. కానీ ఆ వేడిలో ఉన్న పగడం మీద ఇంకో బరువు పడకుండా చూడగలను. నాచు, తెగిపోయిన వలలు, మురుగు, లంగర్లు. ఇవన్నీ మనం పెట్టినవి, మనం తీయగలిగినవి. ఇదే సింధుశాఖలో తూత్తుకుడి వైపు సున్నం కోసం, ఇళ్ళ కోసం పగడాన్ని తవ్వి బండ్లకెత్తేవారు. 21 దీవుల్లో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు నీళ్ళలో మునిగిపోయాయంటే అందులో ఆ తవ్వకాల పాలు ఉంది. ఆ తవ్వకాలు ఇప్పుడు లేవు. చట్టమూ, ఊళ్ళవాళ్ళూ కలిస్తే ఆగింది. అలా ఆగిన పనులు ఉన్నాయి గనకే పొద్దున్నే లేచి పడవెక్కగలుగుతున్నాను.

భీమిలి నుంచి అత్త మళ్ళీ అడిగింది, మేనకోడలు పగడాల దగ్గరే ఉంటుంది కదా, కుజుడికి ఉంగరంలోకి ఒకటి పంపమని. "అత్తా, ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరు, అది మధ్యధరా సముద్రంలో దొరికే జాతి. ఇక్కడివి చచ్చిన ముక్క తీసుకెళ్ళినా నేరమే, పులికున్నంత రక్షణ ఉంది వీటికి" అన్నాను. "పులికున్నంతా?" అని కాసేపు ఆగింది. తర్వాత చాలా ప్రశ్నలు వేసింది. ఎవరైనా అలా అడిగితే నాకు ప్రాణం లేచొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు పడవ నడిపే అన్న పడమటి దిక్కు చూసి "కచ్చాన్ ఎత్తుకుంటోంది మేడమ్" అన్నాడు. నైరుతి నుంచి వచ్చే ఆ గాలి గట్టిగా వీస్తే నీళ్ళు కలిసి కాస్త చల్లబడతాయి. నీళ్ళు బురదగా మారి మేం దిగలేకపోవచ్చు, అయినా రానీ. మీటరు ఒక్క డిగ్రీ దిగితే ఆ తెల్లబడ్డ కొమ్మలకి అదనంగా కొన్ని వారాలు దొరుకుతాయి.

రాత్రి లెక్కలు ఎక్కించడం అయ్యింది. మన విశాఖలాగే ఇక్కడా మర పడవలకు జూన్ 14 దాకా వేట నిషేధం. అవి బయల్దేరాయంటే తెగిన వలలు మళ్ళీ కొట్టుకొస్తాయి. ఆలోగా ముయల్ దీవి వైపు పగడాలకి చిక్కుకున్న పాత వలలు తీసెయ్యాలి. అన్న శంఖాల కోసం మునిగే గజ ఈతగాళ్ళను ఇద్దరిని మాట్లాడతానన్నాడు. కత్తులు సానబెట్టించాలి, గోనె సంచులు కొనాలి, అటవీశాఖ వాళ్ళకు రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యాలి.