సంఘీభావ నిధి సభ: టీ, హుండీ, మైకు

తిరుపతిలో సమ్మె కార్మికుల కోసం పాటల సభ పెట్టాలంటే ముందు క్యాలెండర్ చూడండి. మేలో గంగ జాతరప్పుడు, బ్రహ్మోత్సవాలప్పుడు జనమూ దొరకరు, ఆటోలూ దొరకవు.

వందమందికి 8 లీటర్ల టీ చాలు: 5 పాలు, 3 నీళ్లు, గ్లాసుకు 80 మిల్లీలీటర్లు. పులిహోరకు 6 కిలోల బియ్యం, 600 గ్రాముల చింతపండు. అన్నం వెడల్పాటి పళ్లేల్లో ఆరబోసి, నూనె చల్లి, చల్లారాకే పులుసు కలపాలి. వేడిమీద కలిపితే ముద్దయిపోతుంది.

అసలు చిక్కు డబ్బు దగ్గర. ఎవరి సొంత ఖాతా క్యూఆరో అతికిస్తే, నెల తిరిగేసరికి ఏది చందానో ఏది వాళ్ల జీతమో తేలదు. ఇద్దరి సంతకాలతో నిధికి వేరే ఖాతా ఉండాల్సిందే. హుండీ తాళంచెవి ఒకరి దగ్గర, డబ్బా ఇంకొకరి దగ్గర. టీ పాల డబ్బు కూడా హుండీలోంచి తీయొద్దు; ఖర్చు వేరే రాసుకోండి. ఆ రాత్రే ఇద్దరు లెక్కపెట్టి మొత్తం బోర్డు మీద రాసేయాలి. రేపు చూద్దామంటే గుసగుసలు మొదలైనట్టే.

మైకుకు రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలి. అందుకే విరాళం మాట ఎనిమిదిన్నరకే, మంచి పాట అవ్వగానే ఎత్తాలి. చివర్లో అడిగితే జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.