ఏడో సంగమానికి అత్తయ్యతో

కాకినాడ దగ్గర చొల్లంగిలో, పుష్యమాసపు చొల్లంగి అమావాస్య నాడు మొదలై భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ముగిసే యాత్రను మా గోదావరి జిల్లాల్లో సప్తసాగర యాత్ర అంటారు. గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలిసే ఏడు చోట్లా స్నానం చేసి రావాలి. మా నాయనమ్మ తరానికి దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. నా వయసువాళ్ళలో మాత్రం పేరు విన్నవాళ్ళే తక్కువ. మా మేనత్త ఈ యాత్ర చేస్తోందని తెలిసి, మొత్తం తిరిగేంత సెలవు దొరక్క, చివరి మజిలీకైనా తోడుందామని బయలుదేరాను.

"నాకేం భయంరా, మా ఊరివాళ్ళం నలుగురం ఉన్నాం" అంది ఫోన్లో. మళ్ళీ తనే, "వస్తే మాత్రం చించినాడ బ్రిడ్జి మీంచి చుట్టూ తిరిగి రాకు. నరసాపురంలో దిగి పంటు పడవెక్కి రా. రేవులో ఉంటాం" అంది.

సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కిన నరసాపురం ఎక్స్‌ప్రెస్ దశమి నాడు తెల్లవారాక పాలకొల్లు చేరింది. బోగీలో పెద్దవాళ్ళంతా కూర్చున్నచోటి నుంచే క్షీరారామలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నారు. నరసాపురంతో రైలు పట్టాలు అయిపోతాయి. లేసు అల్లికలకు పేరున్న ఊరు, తీరిగ్గా చూడాల్సిన ఊరే, కానీ ఆ పూట ఆగలేదు. ఆటో నేరుగా మాధవాయిపాలెం రేవుకు పోయింది. యూరప్ వర్తకుల కాలంలో సముద్రం మీదికి వెళ్ళే ఓడలు కట్టిన చోటది. ఇప్పుడు అక్కడ పంట్లు తిరుగుతున్నాయి.

పంటు ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఎక్కనివాళ్ళ కోసం చెప్తున్నాను. మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పడవ అది, వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఇనప పలక ఒడ్డుకి ఆనగానే ముందు బైకులు, వెనకాల ఆటోలు, ఆ తర్వాత కార్లు ఎక్కుతాయి. సందుల్లో మనుషులం. ఆ రోజు తీర్థం జనం కాబట్టి కాలు పెట్టడానికి చోటు లేదు. నా పక్కన ఒకావిడ పళ్ళెంలో పసుపు గుడ్డ కప్పుకుని నిలబడింది. స్వామివారి కల్యాణానికి తలంబ్రాల బియ్యమట, ఇంట్లో ఏరి, కడిగి, ఆరబెట్టి తెస్తోంది. పళ్ళేనికి ఎవరి మోచెయ్యీ తగలకుండా ఆవిడ భర్త చుట్టూ చేతులు అడ్డం పెట్టి నిలుచున్నాడు. "జరగండమ్మా, జరగండి, ఆయ్, ఆ బండి కొంచెం పక్కకి" అంటూ పంటువాళ్ళు సర్దుతూనే ఉన్నారు. నది మధ్యకు వచ్చేసరికి గాలి మారింది. ఉప్పు వాసన. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని రెండుగా విడిపోయిన గోదావరిలో ఇది వశిష్ఠ పాయ. ఇక్కడికి వచ్చేసరికి అవతలి ఒడ్డు కొబ్బరిచెట్ల గీతలా కనిపించేంత వెడల్పు.

ఇక్కడ వంతెన కట్టాలని జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. కట్టాలి. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషి రేవులో పడవ కోసం చూడకూడదు. అది కట్టిన తర్వాత కూడా తీర్థానికి వెళ్ళేవాళ్ళు ఒక్కసారి పంటు మీద దాటాలని నా కోరిక. గోదావరి ఎంత పెద్దదై సముద్రానికి వెళ్తోందో నీళ్ళ మీద నిలబడితేనే కంటికి ఆనుతుంది.

సఖినేటిపల్లి రేవులో అత్తయ్య కనిపించింది. ఎండకి ముఖం నల్లబడింది, కాళ్ళకి రబ్బరు చెప్పులు, చేతిలో గుడ్డసంచి. సంచి చూపించమన్నాను. అందులో పాత మందు సీసాలు. శుభ్రంగా కడిగి, ఒక్కో దాని మీద ప్లాస్టరు అంటించి, బాల్‌పెన్నుతో పేరు రాసింది. తుల్య, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక. ఆరింటిలో నీళ్ళున్నాయి. వశిష్ఠ అని రాసిన సీసా ఒక్కటే ఖాళీగా ఉంది. మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, నడవలేడు. ఇంటికి వెళ్ళాక ఏడు నీళ్ళూ కలిపి ఆయన నెత్తిన పోయాలని ఆవిడ ఏర్పాటు.

ఆత్రేయ నీళ్ళు కొంచెం పచ్చగా, కౌశిక నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. అడిగితే చెప్పింది. ఏడు పాయలన్నది పురాణం నాటి లెక్క. ఇప్పుడు నిండుగా పారేవి గౌతమి, వశిష్ఠ, వాటితోపాటు వైనతేయ. ఆ వైనతేయ ఏడింటి లెక్కలోకి రాదు. తుల్యభాగ, కౌశిక లాంటివి పొలాల మురుగు మోసే డ్రెయిన్లుగా మిగిలాయి. కాగితాల్లో కూడా తుల్యభాగ డ్రెయిన్, కౌశిక డ్రెయిన్ అనే రాస్తారు. "మరి ఆ నీళ్ళలో ఎలా మునిగావు అత్తయ్యా?" అన్నాను.

"రాళ్ళుప్పు కలిసిన నీళ్ళు చల్లుకున్నాను, సంకల్పం చెప్పుకున్నాను. నదికి జబ్బు చేస్తే చూడ్డానికి వెళ్ళమా ఏంటి?" అంది.

ఆ మాట నాకు పట్టుకుంది. ఋషుల పేర్లు పెట్టుకున్న పాయల్ని మనమే మురుగుకాలవలు చేశాం. ఏడాదికోసారి సంచి పట్టుకుని వాటి గట్టున నిలబడే ఇలాంటి పెద్దవాళ్ళు కూడా లేకపోతే అవి నదులని గుర్తుచేసేవాళ్ళు ఎవరుంటారు?

రేవు నుంచి ఆటో. దారికి రెండు పక్కలా కొబ్బరితోటలు, మధ్యలో రొయ్యల చెరువులు, సముద్రం దగ్గరపడేకొద్దీ సరుగుడు తోటలు. కేశవదాసుపాలెం వచ్చినప్పుడు అత్తయ్య కథ అందుకుంది. కేశవదాసు అనే పశువుల కాపరి ఆవు రోజూ ఒక పుట్ట మీద పాలు కురిపించేదట. కలలో స్వామి చెప్పిన చోట తవ్వితే నరసింహస్వామి విగ్రహం దొరికిందట. ఆయన పేరే ఊరికి మిగిలింది. పుట్టకు ముందు కథ వశిష్ఠుడిది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి నెత్తురు తడిసిన ఇసకరేణువులు ఎన్నో అంతమంది రక్తవిలోచనులు పుట్టేలా శివుడి దగ్గర వరం పొందాడు. వాడు వశిష్ఠుడి కొడుకుల్ని చంపితే, ముని మొర విని నరసింహుడు వచ్చాడు. నెత్తురు నేల మీద పడకుండా మాయాశక్తి నాలుక చాచి పట్టింది. ఆ తల్లే అశ్వారూఢాంబ. ఊళ్ళో ఎవరిని అడిగినా గుర్రాలక్క అంటారు. స్వామికి చెల్లెలి వరస.

గుడి ముందు నిలబడ్డాక నా కళ్ళు మొదట వెతికింది కొపనాతి కృష్ణమ్మ విగ్రహాన్ని. ఇప్పుడున్న ఆలయాన్ని 1823లో పూర్తి చేయించింది ఆయన. రాజు కాదు, జమీందారు కాదు. సముద్రం మీద ఓడలు నడిపిన మనిషి. తుపానులో తప్పిపోయిన ఓడలు తిరిగొస్తే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని ఇక్కడ చెప్పుకుంటారు. అలల మీద బతికేవాళ్ళ మొక్కుతో లేచిన గుడి ఇది, అందుకే నాకు మరింత ఇష్టం. దర్శనానికి లైన్లో మా ముందు పల్లిపాలెం మత్స్యకారుల కుటుంబం ఉంది. వాళ్ళ నడకలో చుట్టపుచూపు లేదు. సొంతింట్లోకి వెళ్తున్నట్టు వెళ్ళారు. చాలా గుళ్ళలో మూలవిరాట్టు తూర్పు ముఖంగా ఉంటే ఇక్కడ స్వామి పడమటికి చూస్తూ ఉంటాడు.

రాత్రి కల్యాణం. దూరం నుంచి స్వామి, అమ్మవార్ల పూలదండలు మాత్రమే కనిపించాయి. మైకులో మంత్రాలు, జీలకర్ర బెల్లం అనగానే జనమంతా లేచి నిలబడటం, "గోవిందా" అన్న కేక ఒక చివర పుట్టి మరో చివరికి చేరడం. పంటు మీద చూసిన పసుపుగుడ్డ ఆవిడ ఎక్కడో ఆ జనంలోనే ఉండి ఉంటుంది. మేం నిద్రపోలేదు. అత్తయ్య బృందంలో ఒకావిడ తేగలు కొనుక్కొచ్చింది. ఈ కాలంలో తీర్థానికి వచ్చినవాళ్ళు తేగ తినకుండా వెళ్ళరు. పీచు ఒలిచి, మధ్యకి చీల్చి, లోపల చందమామ అనే లేత భాగాన్ని చిన్నపిల్లకి పెట్టి, మిగతాది తలా కాస్త పంచింది.

ఏకాదశి తెల్లవారుజామున సముద్రం వైపు నడిచాం. చీకట్లో ఇసక మీద వేల అడుగుల చప్పుడు. ఒడ్డున గజ ఈతగాళ్ళు, తాళ్ళు, ఈల వేసే పోలీసులు. ముందు సముద్రస్నానం చేశాం, వెలుగొచ్చాక అన్నాచెల్లెళ్ళ గట్టుకు వెళ్ళాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటిని అలా పిలుస్తారు. ఆ పేరెందుకు వచ్చిందని నేను అడగలేదు. అక్కడ రెండు నీళ్ళూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇటు నది నీరు మట్టిపచ్చ, అటు సముద్రం నీలిబూడిద. మధ్యలో నురగ గీత. అది అటూ ఇటూ జరుగుతుంది గానీ చెరగదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నీళ్ళు, భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి దాటి వచ్చిన నీళ్ళు, ఇక్కడితో సరి.

అత్తయ్య పంతులుగారితో సంకల్పం చెప్పించుకుంది. గోత్రం చెప్పింది, మామయ్య పేరు చెప్పింది, తన పేరు చెప్పింది. "ఏడో సంగమం అమ్మా, పూర్తయింది" అన్నారాయన. ఆవిడ మోకాలి లోతుకు దిగి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అల వెనక్కి లాగినప్పుడు పాదాల కింద ఇసక జారిపోతుంటే ఇద్దరం తూలాం. మూడు మునకలు వేశాక సీసా నా చేతికిచ్చి, "నురగ గీత దగ్గర పట్టు, రెండు నీళ్ళూ రావాలి" అంది. పట్టాను. మూత బిగించి, ప్లాస్టరు తడిసి ఊడిపోతుందని పైట చెంగుతో తుడిచింది. అప్పుడు ఏడ్చింది. నేను ఏమీ అడగలేదు, పక్కన నిలబడ్డాను.

మధ్యాహ్నం రథం. ఇది లేకుండా అంతర్వేది తీర్థం లేదు. 2020 సెప్టెంబరులో ఒక అర్ధరాత్రి ఇక్కడి పాత రథం షెడ్డులోనే కాలిపోయింది. దశాబ్దాలుగా స్వామిని మోసిన టేకు రథం పొద్దుటికి బొగ్గయింది. ఆ ఫొటో చూసినప్పుడు హైదరాబాద్‌లో ఉన్న నాకే అన్నం సయించలేదు. ఇక్కడివాళ్ళ సంగతి చెప్పేదేముంది. మేం బసచేసిన ఇంటి పెద్దాయన, "మా నాన్న లాగిన తాడండి అది, నేనూ లాగాను, మా అబ్బాయీ లాగాడు" అని మాత్రం అన్నారు. కొన్ని నెలల్లోనే 40 అడుగులకు పైగా ఎత్తుతో కొత్త టేకు రథం తయారైంది. 2021 రథసప్తమి నాడు ప్రారంభించారు, అదే నెలలో భీష్మ ఏకాదశికి వీధుల్లో తిరిగింది.

మొగల్తూరు రాజవంశీకులు కొబ్బరికాయ కొట్టి రథాన్ని కదిలించడం ఇక్కడి ఆచారం. చక్రం కదిలే ముందు ఒక క్షణం తాడు బిగుసుకుంటుంది. చేతుల్లో అది వణకడం తెలుస్తుంది. నాకు తాడు చివర దొరికింది, పట్టుకున్నానో లేదో జనం తోసేశారు. అరటిపళ్ళు గాలిలో ఎగిరి రథం మీద పడుతున్నాయి. మేడల మీద, చెట్ల మీద, గోడల మీద జనం. రథం గుర్రాలక్క గుడి దగ్గర ఆగింది. చెల్లెలికి స్వామివారి తరఫున చీర, సారె ఇచ్చారు. రాక్షసుణ్ణి చంపింది అన్న అయినా, నెత్తురు పట్టింది చెల్లెలు. ఆవిడ గుమ్మం తొక్కకుండా ముందుకు వెళ్ళకూడదని ఈ ఊరు పెట్టుకున్న మర్యాద నాకు చాలా నచ్చింది. అత్తయ్య అక్కడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, స్వామికి పెట్టినదానికంటే ఎక్కువసేపే.

ఉత్సవాల్లో మాఘపౌర్ణమి నాడు చక్రస్నానం ఉంటుంది. సుదర్శన చక్రానికి సముద్రంలో స్నానం చేయిస్తారు. ఆ రోజు దాకా ఉండి వెళ్తానంది అత్తయ్య. నా సెలవు అయిపోయింది. రేవు దాకా దిగబెట్టడానికి వచ్చి, పంటు కోసం ఉన్న లైను చూసి, సంచిలోంచి రెండు తేగలు తీసి నా బ్యాగులో పెట్టింది. "ఈసారి చొల్లంగి నుంచే రా. ముందే సెలవు చెప్పుకో, తర్వాత దొరకలేదనకు" అంది. సరే అత్తయ్యా అన్నాను. మామయ్యని కూడా కారులో తీసుకొచ్చి ఒక్కో రేవులో దింపితే ఎలా ఉంటుందో చూడమంది. పంటు వచ్చేదాకా, ఏయే చోటికి కారు వెళ్తుందో, ఎక్కడ పడవ మాట్లాడుకోవాలో వరసగా చెప్తూనే ఉంది.