క్యాప్సూల్ అంటే మింగేదే అనుకున్నా

నిన్న గుంటూరు కొత్తపేటలో రివ్యూకి వెళ్తే డాక్టరమ్మ ఇక నా ఆస్తమా బిళ్ళ పూర్తిగా ఆపేయమంది. ఏడాదిన్నర పైచిలుకు తర్వాత ఇవాళ పొద్దున ఆ తెల్ల బిళ్ళ లేకుండా టీ తాగా, ఆ ఊపులోనే రాసేస్తున్నా.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేటప్పుడు ఆ ఘాటుకి దగ్గనివాడు ఉండడు కాబట్టి నా దగ్గుని నేను పట్టించుకోలా. రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలై మంచం మీద కూర్చునే తెల్లారుతుంటే మా ఆవిడ గొడవపెట్టి పక్కవీధి ఆర్‌ఎంపీ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయనిచ్చిన బిళ్ళ రెండో రోజుకే పట్టేసింది. ఆకలి చూడాలి, రాత్రి పదకొండింటికి లేచి పెరుగన్నం తినేవాణ్ణి. మొహం గుండ్రంగా అయితే "ఏంటి గురూ ఒళ్ళు చేశావ్, కలిసొచ్చిందా" అనేవాళ్ళు, నేనూ సంబరపడ్డా. స్ట్రిప్పు ఎప్పుడూ పేరున్న సగం కత్తిరించి, మిగతా సగమే కాయితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. యార్డులో మార్కా లేని టిక్కీ ముట్టుకోను నేను, అలాంటిది ఏడాదిన్నర పేరు లేని బిళ్ళ నోట్లో వేసుకున్నా. పేరు చెప్పనివాడి దగ్గర మందు కొనకండి, ఎంత మంచోడైనా సరే.

షుగరు ఎప్పుడూ లేనిది 190 వచ్చేసరికి భయపడి స్పెషలిస్టు దగ్గరికెళ్ళా. గొట్టంలో ఊదే పరీక్ష అయింది, మందు పీల్పించి పావుగంటాగి మళ్ళీ ఊదించారు, ఆస్తమానే అన్నారు. నా బిళ్ళ చూసి "ఇది ప్రెడ్నిసొలోన్, 10 మిల్లీగ్రాములు, స్టెరాయిడ్" అంది మేడం. దాని బదులు పీల్చే మందు రాస్తానంది, అందులోనూ స్టెరాయిడే ఉందంట. "స్టెరాయిడ్ మానడానికి మళ్ళీ స్టెరాయిడా మేడం?" అని వాదించా. బిళ్ళ అయితే రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, షుగరు, ఎముకలు, కళ్ళు దేన్నీ వదలదు, పీల్చేది చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది అంది. ఆ పీల్చే మందు క్యాప్సూల్లో బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ 200 మైక్రోగ్రాములు, రోజుకి రెండు, అంటే 400. నా బిళ్ళేమో 10,000 మైక్రోగ్రాములు. 25 రెట్లు అని అక్కడికక్కడే నోటిలెక్క చెప్పేశా. మందు మందుకీ బలం వేరండీ, అలా సూటిగా పోల్చకూడదు అని నవ్విందావిడ. బిళ్ళ ఒక్కసారిగా ఆపొద్దు, నెమ్మదిగా తగ్గిద్దాం, కిడ్నీల పైన ఉండే గ్రంథి ఇన్నాళ్ళూ నిద్రపోయింది, అది లేవాలి అని గట్టిగా చెప్పింది.

ఇక అసలు సంగతి. కింద మందుల షాపులో క్యాప్సూళ్ళ డబ్బా ఇచ్చాడు, పీల్చే మిషను స్టాకు లేదు, రేపొచ్చి తీస్కోండి అన్నాడు. చీటీ మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అనుంది. మిషను దేనికో వాడు చెప్పలా, ఊదే పరీక్షలాంటిదేదో అయ్యుంటుందిలే అనుకుని నేనూ వెళ్ళలా. పదకొండు రోజులు, రెండుపూటలా, మంచినీళ్ళతో మింగా. పాత బిళ్ళ ఇంకా నడుస్తోంది కాబట్టి బతికిపోయా.

ఆ పదకొండు రోజుల తర్వాత మొదటి రివ్యూలో "ఎలా పీలుస్తున్నారో చూపించండి" అంది మేడం. నేను డబ్బా తీసి, క్యాప్సూల్ అరచేతిలో వేసుకుని, పక్కనున్న సిస్టర్ని "కాసిని నీళ్ళమ్మా" అనడిగా. ఆ పిల్ల నా మొహం చూసింది, మేడం మొహం చూసింది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మేడం నవ్వలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. తలుపు తెరిచే ఉంది, బయట బెంచీమీద మా కొట్టుకి సరుకు తెచ్చే రైతు కూర్చునున్నాడు. "ఏం ప్రమాదం లేదు, మందు ఊపిరితిత్తులకి చేరలేదంతే" అని ఆవిడే మిషన్ తెప్పించి, క్యాప్సూల్ పెట్టి తిప్పి, ఊపిరంతా బయటికి వదిలి, పెదాలు బిగించి గబుక్కున గట్టిగా పీల్చి, పది అంకెలు బిగబట్టమని చేయించింది. లోపల క్యాప్సూల్ గిరగిరా తిరిగిన చప్పుడు వినబడితేనే సరిగ్గా పీల్చినట్టంట. మూడోసారికి వినబడింది. ఆ షాపువాడు ఒక్కమాట చెప్పుంటే పోయేది కదా, చిల్లర లేకపోతే మాత్రం చాక్లెట్ ఇవ్వడం గుర్తుంటుంది!

తర్వాతంతా మామూలే. రెండు నెలలు కొంచెం కొంచెంగా బిళ్ళ తగ్గించారు, మధ్యలో ఓ వారం నీరసం. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, నేను బద్ధకించి నాలుక మీద తెల్లపూత తెచ్చుకున్నా, గొంతు కూడా బొంగురుపోయింది. బిళ్ళని తిట్టట్లేదు, ఆయాసం మరీ ఎక్కువైతే ఐదారు రోజులు అదే బిళ్ళ 40 మిల్లీగ్రాములు కూడా ఇస్తారంట. రోజూ ఏడాదిన్నర మింగే సరుకు కాదది.

మా ఆవిడ క్యాప్సూళ్ళ డబ్బా మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో "మింగకూడదు" అని రాసింది. చుట్టాలొచ్చినప్పుడు దాన్ని గోడవైపు తిప్పి పెడుతున్నా.