గండికోట దారిలో పట్టేసిన కాళ్ళు

సైకిల్ మీద గండికోట పోయిన మర్నాడు పొద్దున మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. తొడలు ముందురోజు మధ్యాహ్నం నుంచే బండల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. అయినా అలవాటు లేని ప్రయాణం కదా, రెండు రోజుల్లో అదే తగ్గుతుందిలే అనుకుని పడుకున్నాను. ఆ రంగు చూశాక మాత్రం చేతులు వణికాయి. తమ్ముణ్ణి లేపి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను.

నాకు 43 ఏళ్ళు. కడపలో టీచర్‌గా పనిచేస్తున్నాను. తమ్ముడు కొత్త సైకిల్ కొనుక్కుని పాత గేర్ల సైకిల్ నాకిచ్చాడు. మొదట దేవుని కడప దాకా, తర్వాత ఆదివారాల్లో ఒంటిమిట్ట దాకా పోయి వచ్చేదాన్ని. రానూ పోనూ 50 కిలోమీటర్లు. ఆ మాత్రం తొక్కగలుగుతున్నాను కదా అన్న ధీమాతోనే గండికోట పోదామని తమ్ముడు అనగానే ఒప్పుకున్నాను. ఒక్క పోవడమే 80 కిలోమీటర్ల పైమాట.

ఫిబ్రవరి చివరి ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. కమలాపురం దగ్గర పాపాఘ్ని నది దాటేసరికి తెల్లవారుతోంది. చల్లగాలి, ఖాళీ రోడ్డు. తమ్ముడి వెనక చక్రాన్ని వదలకుండా వాడి వేగంలోనే పోయాను. ఎర్రగుంట్లలో నాపరాళ్ళు పేర్చిన యార్డుల పక్కన లారీల దుమ్ము ఎక్కువైంది. దాన్ని తప్పించుకోవాలని ఇంకా గట్టిగా తొక్కాను. ప్రొద్దుటూరులో కారం దోసెలు తిని, కొబ్బరిబోండాలు తాగాం. మంచినీళ్ళకూ తక్కువ చేయలేదు. జమ్మలమడుగు చేరేదాకా అంతా బాగానే ఉంది.

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. దారి మెల్లగా ఎత్తెక్కుతుంది. ఎండ నెత్తిమీదికొచ్చింది. కుడి పిక్కలో ఏదో పురుగు పాకినట్టు సన్నగా అదిరింది. ఆగి ఉండాల్సింది అప్పుడే. ఆగలేదు. ఇంకో కిలోమీటరు పోయాక పిక్క ఒక్కసారిగా పట్టేసింది. దిగబోతే తొడ కూడా పట్టేసింది. సైకిల్‌తో సహా రోడ్డు పక్కన కంకర మీద పడ్డాను. చుడీదార్ పైకి లాగి చూస్తే చర్మం కింద కండ పిడికిలంత ముద్దయి లేచి నిలబడింది. వేలితో నొక్కితే రాయిలా ఉంది. నొప్పికి అరుపు కూడా రాలేదు.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక అవ్వ చూసి వచ్చింది. "ఏమ్మా, నరం పట్టకపాయనా?" అంటూ నా చెప్పు ఊడదీసింది. మడమను అరచేతిలో ఆనించుకుని, కాలివేళ్ళను మోకాలి వైపుకి నిదానంగా నెట్టి అలాగే పట్టుకుంది. పిసకలేదు, గుద్దలేదు. ముద్ద కట్టిన కండ కాసేపటికి మెల్లగా కరిగిపోవడం నా కళ్ళతో చూశాను. తర్వాత తన సద్దిమూటలోంచి నిమ్మకాయ ఊరగాయ ముక్క తీసి నోట్లో పెట్టుకోమంది. తమ్ముడు అప్పటికి ముందు పోయినవాడు వెనక్కి వచ్చాడు.

అక్కడితో ఆగిపోతే ఈ కథ ఆసుపత్రి దాకా పోయేది కాదు. కోట ఇంక నాలుగు కిలోమీటర్లే కదా అనిపించింది. సంచిలో ఉన్న నొప్పి బిళ్ళ ఒకటి వేసుకుని మళ్ళీ ఎక్కాను. దారిలో మరో మూడుసార్లు పట్టేసింది. ప్రతిసారీ అవ్వ చేసినట్టే చేసి మళ్ళీ తొక్కాను. కోట దగ్గర సైకిళ్ళు జీపులో వేసుకుని ఇంటికొచ్చాం. రాత్రి ఇంకో బిళ్ళ వేసుకున్నాను.

ఆసుపత్రిలో సీపీకే అనే రక్తపరీక్ష చేశారు, కండరాలు దెబ్బతింటే ఆ అంకె పెరుగుతుంది. మామూలుగా 200 లోపు ఉండాల్సింది నాకు 18,000 దాటింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5. శక్తికి మించి పనిచేసిన కండరాల కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలుస్తుందనీ, మూత్రానికి ఆ రంగు వచ్చింది దానివల్లేననీ, అది కిడ్నీల్లో అడ్డుపడి వాటిని దెబ్బతీయగలదనీ డాక్టరమ్మ చెప్పారు. రాబ్డోమయోలిసిస్ అంటారట. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు నొప్పి బిళ్ళలు కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయని విన్నప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. మంచి చేసుకుంటున్నానని చెడు చేసుకున్నాను. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. రోజూ మూత్రం రంగు చూసి రాసుకునేవారు. డిశ్చార్జ్ నాటికి సీపీకే 6,000 దగ్గరికి దిగింది. రెండు వారాలకు మామూలైంది. అందరికీ ఇంత దూరం రాదు, చాలామందికి పట్టేసిన కాలు వదిలిపోతుంది, అంతే. కానీ మూత్రం ముదురు రంగులో వచ్చినా, నొప్పి రోజు దాటినా పెరుగుతూనే ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు.

కాళ్ళు ఎందుకు పట్టేశాయంటే బంధువులంతా "ఉప్పు తగ్గింది", "నీళ్ళు తాగలేదు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న వేరు: "మీరు రోజూ తొక్కే వేగమెంత, ఆ రోజు తొక్కిన వేగమెంత?" అలసిపోయిన కండకు బిగుసుకోమని నరం పంపే సంకేతం పెరిగిపోయి, చాలు వదులు అని చెప్పే సంకేతం బలహీనపడుతుందని, అందుకే కండ బిగిసి వదలకుండా ఉండిపోతుందని వివరించారు. దక్షిణాఫ్రికాలో మార్టిన్ ష్వెల్‌నస్ బృందం 1997లో ప్రతిపాదించిన సంగతి ఇది. సాగదీస్తే తగ్గడానికి కారణమూ అదేనట, వదులు అనే సంకేతం మళ్ళీ బలపడుతుంది. అవ్వకు ఈ మాటలేవీ తెలియవు, చెయ్యి మాత్రం సరిగ్గా అక్కడికే పోయింది.

ఊరగాయ సంగతి కూడా ఆ తర్వాత చదివాను. 2010లో అమెరికాలో ఒక ప్రయోగంలో ఊరవేసిన దోసకాయల పులుపు నీళ్ళు తాగినవాళ్ళకు, మంచినీళ్ళు తాగినవాళ్ళకన్నా సుమారు 49 సెకన్ల ముందే కండ వదిలింది. అంత త్వరగా ఉప్పు రక్తంలోకి చేరదు. నోటిలో, గొంతులో తగిలిన ఆ పులుపుకే నరాలు స్పందించి ఉంటాయని వాళ్ళ అంచనా. అవ్వ ఇచ్చిన ముక్కవల్లే నాకు తగ్గిందని చెప్పను. కాలు సాగదీసింది కూడా అప్పుడే కదా. కానీ ఇప్పుడు నా సంచిలో చిన్న డబ్బాలో నిమ్మకాయ ఊరగాయ ఉంటుంది.

కోలుకోవడానికి వేసవంతా పట్టింది. నెలరోజులు సైకిల్ ముట్టుకోలేదు, సాయంత్రాలు నడిచానంతే. మళ్ళీ ఎక్కేముందు తమ్ముడు సైకిల్‌ను గోడకు ఆనించి నన్ను కూర్చోబెట్టాడు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి, నడుము పక్కకు వాలకూడదు. నాకు మడమ అందనే లేదు. వాడి ఎత్తుకు పెట్టుకున్న సీటు మీద ఏడు నెలలు మునివేళ్ళతో తొక్కాను. పిక్కల మీద ఎంత బరువు పడిందో అప్పుడు అర్థమైంది. సీటు 3 సెంటీమీటర్లు దించాం. "నేనే చూసి ఇచ్చుండాల్సింది అక్కా" అని వాడు చాలాసేపు బాధపడ్డాడు.

గేర్ల విషయంలోనూ తప్పు చేశాను. బరువు గేరులో నెమ్మదిగా, బలంగా తొక్కితేనే కాళ్ళు గట్టిపడతాయనుకున్నాను. ఇప్పుడు ఎత్తు రాకముందే తేలిక గేరులోకి మారుస్తాను. కుడి మోకాలు పైకి లేవడం 15 సెకన్లలో 20 సార్లు లెక్కపెడతాను, అంటే నిమిషానికి 80. మొదట్లో ఊపిరి ఎగపోసింది, కానీ తొడల్లో మంట పోయింది. వారానికి ఐదారు కిలోమీటర్లకు మించి దూరం పెంచలేదు. ఇది విసుగు పుట్టిస్తుంది, ఒప్పుకుంటాను. నా కాళ్ళకు అన్నింటికన్నా ఎక్కువ పనిచేసింది మాత్రం ఇదే.

ఉప్పూ నీళ్ళూ అక్కర్లేదని కాదు. కడప ఎండల్లో అది కుదరదు. ఒక ఆదివారం బయల్దేరే ముందు బరువు చూసుకుంటే 62.4 కిలోలు, రెండు గంటల తర్వాత 61.1. మధ్యలో 750 మిల్లీలీటర్లు తాగాను. అంటే గంటకు లీటరు చెమట. నల్ల బట్ట మీద తెల్లటి చారలు కట్టేవి. ఆ చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, కొబ్బరినీళ్ళలో ఎక్కువగా ఉండేది పొటాషియం. ఉత్త మంచినీళ్ళు లీటర్లకొద్దీ తాగినా ఒంట్లో సోడియం పలచబడి ప్రమాదమే. ఇప్పుడు ఒక సీసాలో మంచినీళ్ళు, ఇంకో సీసాలో ఓఆర్ఎస్ నీళ్ళు. ప్యాకెట్ మీద రాసినట్టు లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం నీళ్ళలో చిక్కగా కలపకూడదు. ముందురోజు రాత్రి సంగటి, ఉప్పు వేసిన మజ్జిగ. బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు నన్ను చూసి ఉప్పు పెంచకండి, మీ డాక్టరును అడగండి. మెగ్నీషియం బిళ్ళలు వేసుకోమని చాలామంది చెప్పారు. రిపోర్టులో లోపం లేదు, వద్దన్నారు డాక్టరమ్మ.

నవంబరులో మళ్ళీ గండికోట బయల్దేరాం. ఈసారి నేను ముందు, తమ్ముడు వెనక. జమ్మలమడుగు దాటాక ఎత్తులో కుడి పిక్క మళ్ళీ సన్నగా అదిరింది. వెంటనే దిగాను. వేళ్ళను మోకాలి వైపు లాక్కుని కూర్చుని, నాలుగు గుక్కలు తాగి, అర కిలోమీటరు సైకిల్ నడిపించుకుంటూ పోయాను. అదురు ఆగాకే ఎక్కాను. దారి పొడవునా గొర్రెల మందలు కనబడిన చోటల్లా అవ్వ కోసం చూశాను, కనబడలేదు.

కోటగోడ దగ్గరికి చేరేసరికి పదకొండు. లోయ అంచున కూర్చుని పెన్నను చూస్తూ తెచ్చుకున్న చద్దన్నం తిన్నాం. తిరిగి కూడా తొక్కుకుంటూ పోదామా అక్కా అన్నాడు తమ్ముడు. నా కాళ్ళు అంత దూరానికి ఇంకా తయారు కాలేదన్నాను. జీపు మాట్లాడటానికి వాడు లేచి వెళ్ళాడు.