రొమ్, రొమ్ని

నవంబర్ 23, శనివారం. బెర్లిన్.

శనివారం మా ఇంట్లో ఖాళీ సీసాల రోజు. ఇక్కడ ప్లాస్టిక్ నీళ్ల సీసా కొన్నా, కూల్‌డ్రింక్ డబ్బా కొన్నా ధర మీద 25 సెంట్లు డిపాజిట్ కట్టాలి. ఖాళీది తెచ్చి సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. గాజు బీరు సీసాకైతే 8 సెంట్లే. ఈ ఊళ్లో చాలామంది ఇళ్లు లేనివాళ్లకి ఆ రోజు తిండి ఆ సీసాల్లోంచే వస్తుంది.

మెషీన్ దగ్గర ఈ రోజు నా ముందు వాళ్లిద్దరే ఉన్నారు. మా వీధి చివర రైలు వంతెన కింద ఉండే భార్యాభర్తలు. రొమేనియా నుంచి వచ్చిన రోమా వాళ్లు. మనవాళ్లు జిప్సీలు అంటారు కానీ ఆ మాట వాళ్లలో చాలామందికి నచ్చదు, నేను అనడం మానేశాను. రెండేళ్లుగా కనిపిస్తే పలకరించుకుంటాం. నా జర్మన్, వాళ్ల జర్మన్ రెండూ అంతంతమాత్రం కాబట్టి చేతులతోనే ఎక్కువ మాట్లాడుకుంటాం.

ఆవిడ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి అందిస్తోంది. ఆయన మెషీన్‌లో పెడుతున్నాడు. ఒక సీసా సొట్ట పడి ఉంది, మెషీన్ వెనక్కి తోసేసింది. ఆయన దాన్ని నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాడు. సీసా మళ్లీ గుండ్రంగా అయింది, మెషీన్ తీసుకుంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

ఆవిడ లెక్కపెడుతోంది, పైకే. యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పాంజ్, షోవ్. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఏక్, దో, తీన్, చార్, పాంచ్, ఛే. వాళ్ల భాష మన దేశం నుంచి వెళ్లిందని ఎప్పుడో చదివాను. కానీ చదవడం వేరు, 25 సెంట్ల సీసాల మీద వినడం వేరు. తర్వాత ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా అంది. ఆ మూడూ నాకు అందలేదు. పదికి వచ్చేసరికి 'దెష్' అంది, మళ్లీ అందింది. ఇరవైని 'బిష్' అంది.

ఇంటికొచ్చాక వెతికి చూశాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకు మాటలట. వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం వదిలి, పర్షియా, ఆర్మేనియా దాటి, గ్రీకు మాట్లాడే నేల మీద తరాల తరబడి ఉండి యూరప్‌లోకి వచ్చారు. దారిలో ఎక్కడెక్కడ ఆగారో వాళ్ల అంకెల్లోనే ఉంది.

వాళ్లకి 38 ప్లాస్టిక్ సీసాలు, 20 బీరు సీసాలు అయ్యాయి. రశీదు మీద 11 యూరోల 10 సెంట్లు. రేపు ఆదివారం, ఇక్కడ దాదాపు అన్ని దుకాణాలూ మూసేస్తారు, మెషీన్లు కూడా అందవు. అంటే ఈ డబ్బుతో సోమవారం దాకా గడవాలి. ఒక రొట్టె, ఉల్లిపాయలు, చవకరకం సాసేజ్‌లు, పొద్దుతిరుగుడు గింజల ప్యాకెట్ కొన్నారు. బయట మెషీన్‌లో ఒకటే కాఫీ తీసుకున్నారు. మొదటి గుక్క ఆవిడది. తాగి ఆయనకి ఇచ్చింది. ఆయన కొంచెం తాగి, ఇంకా మిగిలుండగానే మళ్లీ ఆవిడకే ఇచ్చేశాడు. గింజలు నా దోసిట్లో కూడా పోసింది. వద్దంటే ఊరుకోలేదు.

నేను ఈ దేశం రావడానికి వీసా కోసం ఎన్ని కాగితాలు పెట్టానో నాకు తెలుసు. వాళ్లకి వీసా అక్కర్లేదు, రొమేనియా 2007 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఉంది. కానీ ఇక్కడ ఉంటున్న మనవాళ్లందరికీ తెలిసిన ఆ అన్‌మెల్డుంగ్ ఉంది చూడండి, మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు, అది కావాలంటే ముందు ఇల్లు ఉండాలి. అది లేకుండా సరైన ఉద్యోగం దొరకడం చాలా కష్టం. ఉద్యోగం లేకుండా ఇల్లు ఎవరిస్తారు? ఆయన ఎప్పుడైనా కట్టడాల పని దొరికితే వెళ్తాడు. పిల్లలు ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉన్నారు.

చలికాలం రాత్రుళ్లు పడుకోవడానికి ఊళ్లో బస కేంద్రాలు తెరుస్తారు. పోయిన జనవరిలో బాగా మంచు పడిన రాత్రి నాకు నిద్ర పట్టక, మర్నాడు అడిగాను, అక్కడికి ఎందుకు వెళ్లరని. ఆయన చెయ్యి ఇటు చూపించి 'ఆడవాళ్లు', అటు చూపించి 'మగవాళ్లు' అన్నాడు. తర్వాత రెండు చూపుడు వేళ్లూ పక్కపక్కన ఆనించి, తల అడ్డంగా ఊపాడు. వాళ్లు వెళ్లినచోట గదులు వేరట. ఇద్దర్నీ ఒకేచోట ఉంచేవి కూడా ఉన్నాయి కానీ వాటిలో ఖాళీ దొరకాలి. అప్పుడు నాకు మనసులో కోపమే వచ్చింది, ఒక్క రాత్రికేగా, ప్రాణం కన్నా ఎక్కువా అని. ఇప్పుడు అలా అనుకోను. వాళ్ల పూర్వీకులు రొమేనియా నేల మీద దాదాపు ఐదొందల ఏళ్లు బానిసలు. మఠాలకీ జమీందార్లకీ ఆస్తిగా ఉండేవాళ్లు, కుటుంబాల్ని విడదీసి కూడా అమ్మేవాళ్లు. అది పూర్తిగా పోయింది 1856లో. ఆయన ఇదేదీ నాకు చెప్పలేదు, నేను చదివి తెలుసుకున్నదే. కానీ ఆ రెండు వేళ్లూ గుర్తొచ్చినప్పుడల్లా ఇదీ గుర్తొస్తుంది.

సాయంత్రం అమ్మ ఖమ్మం నుంచి ఫోన్ చేసింది. అంకెల సంగతి చెప్పాను. నీళ్లని 'పాని' అంటారంటే, "మన తండావాళ్లూ అంతే కదే" అంది. మొగుణ్ణి ఏమంటారని అడిగింది. రొమ్ అంటారు, పెళ్లాన్ని రొమ్ని అంటారు, ఆ జాతి పేరూ అదే మాట అని చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాన్నవి పాత ఉన్ని స్వెట్టర్లు రెండున్నాయి, పార్సిల్ పంపితే చేరతాయా?" అంది. నాన్న పోయి మూడేళ్లయింది. బీరువాలోంచి ఆయన బట్టలు ఒక్కటి కూడా అమ్మ ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.

చేరతాయమ్మా అన్నాను.

రాత్రి తొమ్మిదికి పాలకోసం స్టేషన్ దగ్గరి కొట్టుకి వెళ్తూ వంతెన కింద నుంచి నడిచాను. ఆవిడ చిన్న చీపురుతో వాళ్ల జాగా ఊడుస్తోంది. రోజూ ఊడుస్తుంది, చెప్పులు కూడా పరుపు అవతలే విప్పుతారు. ఆయన దుప్పటి ఒక కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆవిడ ఊడ్చడం అయ్యేదాకా. తర్వాత ఆవిడ రెండో కొస అందుకుంది. ఇద్దరూ కలిసి రెండుసార్లు గట్టిగా దులిపారు. పైన రైలు వెళ్తోంది. ఆయన ఏదో అన్నాడు, వినపడలేదు కాబోలు, ఆవిడ దుప్పటి పట్టుకునే దగ్గరికి జరిగింది.